నలభై రెండు కిలోల మనిషికి బండి

పాత మోటార్‌సైకిళ్లు బాగుచేసి అమ్మే రేకుల షెడ్డు. ఆదివారం పొద్దున పది గంటలు. ఒక అక్క, ఒక చెల్లెలు, ఒక ముసలి మెకానిక్. ముగ్గురి మధ్యా నేల మీద వెల్లకిలా కాకపోయినా దాదాపు అలాగే పడి ఉన్న పెద్ద బండి. చెల్లెలు చిన్న మనిషి. వయసులో కాదు, కొలతలో.

"అయ్యయ్యో, ఇదేం పనండీ మెకానిక్ గారూ! నిక్షేపంలా నిలబడున్న బండిని మీ చేత్తో మీరే పడుకోబెట్టేశారేం?"

"కంగారు పడకండమ్మా. కింద గోనెసంచులు పరిచే పడుకోబెట్టా, గీత కూడా పడదు. ఊఁ, పాపా, నువ్వు రా. లేపు."

"నేనా బాబాయ్?"

"నడిపేది నువ్వేనా, మీ అక్కా?"

"నేనే."

"అయితే నువ్వే లేపాలి. ఈ షెడ్డులో నా పద్ధతిదే. బండి కొనేముందు దాన్ని నేల మీద పడుకోబెడతా. కొనేవాళ్లు ఒక్కరే, ఇంకో చెయ్యి పడకుండా, లేపి నిలబెట్టాలి. నిలబెడితేనే కాగితాలు రాస్తా. లేకపోతే నా కాళ్లు పట్టుకున్నా అమ్మను."

"బావుంది వరస! కొనడానికొచ్చిన వాళ్ల చేత బస్కీలు తీయిస్తారా?"

"తీయిస్తానమ్మా. ఎందుకో చెప్పనా? బండన్నాక పడుతుంది. పడనిది షోకేసులో బండి. పడ్డచోట పదిమంది ఉంటారని మీకెవరైనా రాసిచ్చారా? ఉన్నారే అనుకోండి. ఆడపిల్ల పడితే పరిగెత్తుకొచ్చే పదిమందిలో నలుగురు బండిని పట్టుకుంటారు, ఆరుగురు పిల్లని పట్టుకుంటారు. ఛీ. ముప్ఫై ఏళ్లుగా ఈ రోడ్డు మీద కూర్చుని చూస్తున్నా."

"అది నిజమే బాబాయ్."

"నువ్వూరుకోవే చిట్టీ. నిజమట, నిజం. పొద్దున్నే ఏం మాటలండీ ఇవి?"

"లేపు పాపా."

"ఊఁ... హమ్మా... కదల్లేదు బాబాయ్."

"మొదటిసారి కదే, ఇంకోసారి చెయ్యి. పిచ్చుక తిన్నట్టు తింటే బలం ఎక్కణ్ణించొస్తుంది? లాగు, గట్టిగా లాగు."

"లాగమనకండమ్మా, నడుం పడిపోతుంది. పాపా, నీ బరువెంత?"

"నల—"

"నలభై ఏడో ఎనిమిదో ఉంటుందండీ."

"మిమ్మల్ని అడగలేదమ్మా. ఆ పిల్లకి నోరుంది కదా."

"నలభై రెండు, బాబాయ్."

"ఇది నూట తొంభై. ట్యాంకు నింపితే రెండొందలు. అంటే నీలాంటి వాళ్లు అయిదుగురు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నిద్రపోతుంటే, నువ్వొక్కదానివీ వాళ్లని మోసుకెళ్లాలన్నమాట. అయినా పద్ధతి చెప్తా, చూడు. చేతులతో కాదు, కాళ్లతో లేపాలి. బండి కుడివైపు పడింది కాబట్టి ముందు స్టాండు బయటికి తీసి ఉంచు, లేచాక ఎడమవైపుకి ఒరిగినా ఆగుతుంది. గేరులో ఉంది, జారదు. ఇప్పుడు దానికి వీపు పెట్టి గొంతుక్కూచో. ఒక చెయ్యి హ్యాండిల్‌కి, ఇంకో చెయ్యి సీటు వెనక కడ్డీకి. ఆ. నడుముతో సీటుని నెడుతూ, చిన్న చిన్న అడుగులేస్తూ వెనక్కి నడువు."

"ఊఁఊఁ... లేస్తోంది... లేస్తోంది... అమ్మో, ఇక నా వల్ల కాదు."

"చూశారా! జానెడు లేచింది! ఇవాళ జానెడు లేస్తే నాలుగు రోజులకి మూరెడు లేస్తుంది. ఇదే ఖాయం చెయ్యండి."

"ఏం ఖాయం చేసేదమ్మా? జానెడు లేచిన బండి మీద కూర్చుని ఎక్కడికెళ్తుంది? ఉండు, నేను నిలబెడతా. హుఁ. ఇప్పుడెక్కి కూర్చో పాపా. కాళ్లు కిందికి దించు."

"బొటనవేళ్లు ఆనుతున్నాయి."

"రెండూనా?"

"ఒకటి ఆనితే ఇంకోటి ఆనట్లేదు."

"చాలు. దిగు. కొబ్బరిచెట్టెక్కిన ఉడతలా ఉన్నావు. ఉడతైనా నయం, దానికి బ్రేకు తొక్కే పని లేదు."

"మడమలెత్తు చెప్పులేసుకుంటుందిలెండి."

"ఏంటీ?"

"అదేనండీ, రెండంగుళాల మడమ ఉన్నవి—"

"ఛీ ఛీ ఛీ. పొద్దున్నే నా చేత తిట్టించుకోకండి. మడమలెత్తు చెప్పులతో గేరు మారుస్తుందా?"

"పోనీ, సీటు కోసి పొట్టి చెయ్యండి."

"చెప్పు ఇరుకైందని కాలు కోసుకున్నట్టుంది మీ వరస. సీట్లో దూది తీసేస్తే రేకు మీద కూర్చోవాలి. గోతిలో పడ్డప్పుడల్లా వెన్నుపూస ఒక్కోటీ లెక్కపెట్టుకోవచ్చు. అయినా ఈ బండిని మీరెందుకింతలా పట్టుకు వేలాడుతున్నారో నాకర్థం కావట్లేదు. పాపా, అసలు నీకు బండెందుకు?"

"ఉద్యోగానికి బాబాయ్. ల్యాబ్‌లో. చిన్న చిన్న క్లినిక్కుల్లో రక్తం తీసిన సీసాలుంటాయి కదా, అవన్నీ పోగేసుకుని ల్యాబ్‌కి తేవాలి. రోజుకి పద్దెనిమిది చోట్లు. రేపు చేరాలి. సొంత బండుంటేనే రమ్మన్నారు. లేకపోతే వరసలో నా వెనక ఇంకొకతనున్నాడు, అతనికి బండుంది."

"రేపా! రేపు ఉద్యోగం పెట్టుకుని ఇవాళ ఏనుగునెక్కడం నేర్చుకుంటున్నావా?"

"నేనేం ఎక్కుతానన్లేదు బాబాయ్. అక్కే..."

"అక్కే ఏంటే అక్కే? నీ మంచికి చెప్తే అలాగే ఉంటుంది. పెద్ద బండైతే రోడ్డు మీద నలుగురూ చూసి పక్కకి తప్పుకుంటారు. లారీవాడికీ కనబడుతుంది. మీ బావగారు కూడా పెద్దదే కొనమన్నారు. ఇంటికి మర్యాదగా ఉంటుందన్నారు."

"బావ అన్నాడా?"

"అనకపోతే నేను కల్పించి చెప్తానా? ఇదిగో, మాటల్లో పడి మర్చిపోయా. హెల్మెట్ తెచ్చాను. ఆయనదే. పెట్టుకో, సరిపోతుందేమో చూద్దాం."

"వద్దు."

"పెట్టుకోవే."

"వద్దక్కా. వాసన."

"నిన్ననే సబ్బుతో కడిగి ఎండబెట్టాను."

"కడిగినా పోదు."

"ఏం వాసనే? తలనూనె వాసనేగా? మీ బావగారి తలనూనె వాసన నీకంత పడదా?"

"పడదు. దాన్ని నా మొహం దగ్గరికి తేకు. అక్కా, తేవద్దన్నానా! నాకు వాంతొస్తుంది."

"అబ్బో! ఎంత అసహ్యమో మహారాణికి! ఆయన ఇంట్లో ఉంటూ, ఆయన సంపాదన తింటూ—"

"అమ్మా, అమ్మా, ఆపండి. వాసన సంగతి పక్కన పెట్టండి, ఆ హెల్మెట్ ఆ పిల్ల తల మీద పెడితే బోర్లించిన బిందెలా ఉంటుంది. గిర్రున తిరిగి కళ్లకడ్డం పడుతుంది. హెల్మెట్ అన్నాక ఎవరిది వాళ్లకే ఉండాలి. పాపా, ఇదివరకు ఎప్పుడైనా బండి నడిపావా?"

"నడిపిందండీ, మూడు రోజులు. మా ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంటే అక్కడ. మా వారే నేర్పించారు. మూడోరోజు పడింది, మోకాలు చెక్కుకుపోయింది. బండి బరువాపలేకపోయిందట. ఆయన చెప్పారు."

"బరువాపలేక పడిందా? మరి ఇంకా బరువుది కొంటామంటున్నారు మీరు!"

"అంటే... అదీ..."

"ఏ వైపు పడ్డావు పాపా?"

"ఎడమవైపు బాబాయ్."

"మలుపులోనా?"

"కాదు. తిన్నగా వెళ్తూనే."

"తిన్నగా వెళ్లే బండి ఊరికే పడదే! క్లచ్చి ఒక్కసారిగా వదిలేశావా?"

"రెండు చేతులూ వదిలేశాను."

"హ్యాండిల్ మీంచి రెండు చేతులూ తీసేశావా? నడుస్తున్న బండి మీద? ఏం పుట్టింది నీకు? ఎందుకు తీశావు?"

"తీయాల్సొచ్చింది."

"తీయాల్సి రావడమేంటి, కందిరీగ కుట్టిందా?"

"లేదు."

"మరి? నీ వెనక ఎవరు కూర్చున్నారు?"

"బావ."

"మీ బావా?"

"బావ కూర్చున్నాడు బాబాయ్. నేర్పించడానికి."

"సరే. సరే పాపా. ఇక అడగను."

"ఏమిటి సరే? ఏమడగరు? మెకానిక్ గారూ, మాకవతల బోలెడు పనులున్నాయి, అవీ ఇవీ ఆరా తీయకుండా బండి సంగతి చూడండి. ఇదే బండి. ఇదే కొంటాం. కాగితాలు రాయండి."

"ఇది నేనమ్మను. ఒకసారి చెప్పాను కదమ్మా. పాపా, అటు రా. ఆ మూల టార్పాలిన్ కింద చిన్నదొకటుంది, చూపిస్తా."

"ఛీ, ఇదా! ఇదేం బండండీ? ఆ రంగేంటి, చీడ పట్టిన వంకాయలా! ఆ అద్దం చూడు, సగం విరిగింది. దీన్నెక్కితే నలుగురూ నవ్విపోతారు."

"నవ్వేవాళ్ల పళ్లు రాలవులెండి. రంగు వేస్తే రంగు, అద్దం మారిస్తే అద్దం. ఇంజను మాత్రం నా చేత్తో విప్పి నా చేత్తో బిగించాను. తొంభై ఎనిమిది కిలోలు. సీటెత్తు తక్కువ. క్లచ్చి మెత్తన, రెండు వేళ్లతో నొక్కొచ్చు. పొట్టి చేతులకి అందేలా లివర్ దగ్గరికి జరిపాను. పాపా, ఇదిగో పడుకోబెడుతున్నా. లేపు."

"ఇలా వీపు పెట్టి... ఒక చెయ్యి ఇక్కడ... కడ్డీ... ఊఁ... ఊఁ... లేచింది! అక్కా, లేచింది! బాబాయ్, చూశారా?"

"చూశాను. ఎక్కి కూర్చో."

"పాదాలు రెండూ పూర్తిగా ఆనుతున్నాయి! మడమలు కూడా!"

"ముందుకీ వెనక్కీ తొయ్యి. కాళ్లతోనే. చాలు. పిట్టకి తగ్గ కొమ్మ. నిన్న పక్కకి తీసి పెట్టింది వృథా పోలేదు."

"నిన్నా? ఎవరి కోసం పక్కకి తీశారు?"

"మీ కోసమే కదమ్మా. అక్కాచెల్లెళ్లు ఆదివారం వస్తారు, చెల్లెలు చిన్న మనిషి అని నిన్న ఫోనొచ్చింది. మీ వారేగా చేసింది?"

"మా... మా వారు ఫోను చేశారా?"

"చేశాడు. అందుకే ఇందాక మీరు, ఆయన పెద్ద బండి కొనమన్నాడంటుంటే నాకు తికమకగా ఉంది. నాతో చెప్పింది చిన్నదే. మా మరదలు ఇంతే ఉంటుంది, చిన్నదే కావాలి, కానీ సీటు మాత్రం పొడుగ్గా ఉండాలి, ఇద్దరికి సరిపోవాలి అన్నాడు."

"అక్కా! నువ్వు పెద్దదన్నాడన్నావు?"

"ఫోన్లో సరిగ్గా వినబడి ఉండదు ఈయనకి."

"నా చెవులు బాగానే ఉన్నాయమ్మా. ఇంకో మాట కూడా అన్నాడు. చెప్పకూడదనుకున్నాను. ఈ పిల్ల రెండు చేతులూ వదిలేశానని చెప్పాక ఇక దాచలేను. వెనక ఈ కడ్డీ ఉంది చూశారా, కూర్చున్నవాడు పట్టుకునేది? దాన్ని విప్పేసి ఉంచమన్నాడు. అదేంటయ్యా, కడ్డీ లేకపోతే వెనకవాడు దేన్ని పట్టుకుంటాడన్నాను. ముందర మనిషుంది కదా అని నవ్వాడు. థూ! ఇన్నేళ్లలో చెత్త మాటలు చాలా విన్నాను, ఫోను కడుక్కోవాలనిపించింది మాత్రం నిన్నే."

"బాబాయ్."

"చెప్పు పాపా."

"ఈ బండి నాకొద్దు."

"అదేంటి! ఇప్పుడేగా లేపావు, పాదాలానాయని మురిసిపోయావు?"

"ఆయన చెప్పి పెట్టించిన బండి నాకొద్దు. ఈ సీటు చూస్తుంటేనే ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంది. ఇంకోటి చూపించండి."

"నీ కొలతకి ఇంకోటి లేదు. ఆ మూలవన్నీ నూట ముప్ఫై పైనే. ఇది వదిలేస్తే రేపు నువ్వు నడిచెళ్లాలి."

"అదేనండీ నేనూ అనేది. దానికిష్టం లేదంటోంది కదా. పద చిట్టీ, ఇంటికి పోదాం. బండీ వద్దు, గిండీ వద్దు. ఇంటిపట్టున ఉండి ఏ పిల్లలకో పాఠాలు చెప్పుకో."

"ఇంటికా?"

"ఇంటికి కాకపోతే ఎక్కడికే?"

"ఆ ఇంటికా అక్కా? బాబాయ్, ఒక్క మాట చెప్పాలి మా అక్కతో. మీరున్నా ఫరవాలేదు."

"వద్దు. నేను అవతల కాగితాలేవో చూసుకుంటాను. మాట్లాడుకోండి."

"వెళ్లకండి బాబాయ్. ఎవరో ఒకరు వినాలి. అక్కా, నేను బరువాపలేక పడలేదు."

"మెల్లగా మాట్లాడు."

"మొదటి రోజు నడుం దగ్గర పట్టుకున్నాడు. పడిపోతావేమో అన్నాడు, నిజమే అనుకున్నాను. రెండోరోజు చేతులు పైకొచ్చాయి. తప్పు నాదేమో, గుంతలో దింపానేమో, అందుకే పట్టు కోసం అలా పట్టుకున్నాడేమో అని రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను. మూడోరోజు గుంతా లేదు, ఏమీ లేదు. బండి తిన్నగా పోతోంది. ఆ చేతుల్ని లాగి పడెయ్యాలంటే నా రెండు చేతులూ కావాలి కదా. అందుకే హ్యాండిల్ వదిలేశాను."

"రోడ్డు మీద పోయేవాళ్లు వింటారే, మెల్లగా..."

"పడ్డాక నా మోకాలు రక్తం కారుతుంటే నవ్వుతున్నాడు. ఇంకా నయం, మెత్తగా పడ్డాం అన్నాడు. నాకింకా ఆ నవ్వు వినబడుతోంది. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం ఒళ్లు రుద్దుకున్నాను, నీళ్లన్నీ నువ్వే వాడేస్తున్నావని నువ్వు కేకలేశావు, గుర్తుందా అక్కా?"

"పెద్దగా మాట్లాడకే. నీకు దండం పెడతాను."

"సరే. మాట్లాడను. బాబాయ్, ఈ వెనక సీటు విప్పేస్తే ఇక్కడ పెట్టె బిగించొచ్చా? సీసాల పెట్టె. ఐసు పెట్టేది, ఇంతుంటుంది."

"ఎందుకు బిగించకూడదు? వెనక సగం విప్పి ఇనుప చట్రం వేస్తే రాయిలా కూర్చుంటుంది. కానీ ఇక మనిషి కూర్చోవడానికి చోటుండదు."

"కావాల్సింది అదే."

"అయితే అరగంట పని. నా దగ్గర చట్రం సిద్ధంగానే ఉంది, పాలవాడి బండిది."

"చిట్టీ, తొందరపడకు. ఇప్పుడు కొంటావు సరే, నీకు నేర్పేదెవరు? రేప్పొద్దున నడపాలిగా? ఎవరో ఒకరు వెనక కూర్చోకుండా ఎలా నేర్చుకుంటావు? పోనీ వచ్చే నెల చూద్దాం. ఈలోపు..."

"బాబాయ్, తాళమివ్వండి."

"ఇదిగో. జాగ్రత్త, మొదటి గేరు కిందికి, తక్కినవి పైకి."

"తెలుసు బాబాయ్."

"ఏయ్, ఏయ్! చిట్టీ! స్టార్ట్ చేసేసిందేంటండీ! ఆపండి దాన్ని! పడుతుంది, పడుతుంది... అయ్యో, ఆ స్తంభం దగ్గర... తిప్పింది... తిప్పేసింది!"

"తిప్పడమేంటమ్మా, ఎనిమిది అంకె వేస్తోంది మీ చెల్లెలు. ఇది మూడు రోజుల చదువు కాదు. చూడండి, ఆపేటప్పుడు ఎడం కాలొక్కటే దించింది, కుడి కాలు బ్రేకు మీదే ఉంచింది. ఎవరో శ్రద్ధగా నేర్పారు."

"ఎప్పుడు నేర్చుకున్నావే? ఎవరు నేర్పారే?"

"కుట్టు క్లాసులో."

"కుట్టు క్లాసులో బండా?"

"కుట్టు క్లాసు లేదక్కా. నాతో చదువుకున్న అమ్మాయి ఒకతె ఉంది, ఉత్తరాలు పంచుతుంది, దాని బండి మీద నేర్చుకున్నా. అది వెనక కూర్చోలేదు. పక్కన పరిగెత్తింది. మూడు నెలలు పరిగెత్తింది పాపం. పోయిన వారం లైసెన్సు కూడా వచ్చింది."

"మూడు నెలలైనా ఒక్క దిండు గలేబు కుట్టి చూపించలేదేమా అనుకున్నాను!"

"అనుకున్నావు. అడగలేదు."

"అమ్మా, మీరా బల్ల మీద కూర్చోండి. పాపా, సీటు విప్పుతున్నా, ఈ పానా పట్టుకో. ఇదిగో, నీ తలకి సరిపోయే హెల్మెట్ అటకమీద ఒకటి కొత్తది ఉండాలి, దాన్ని కూడా చూద్దాం."

"బాబాయ్, కాగితాల్లో చిరునామా దగ్గర ల్యాబ్ చిరునామా రాయొచ్చా?"

"నువ్వుండేది ఎక్కడైతే అదే రాయాలి."

"ఇవాళ్టి నించీ ఉండేది అక్కడే. ల్యాబ్ పైన గదిచ్చారు. పొద్దున అయిదింటికే మొదటి సీసాలు తేవాలి కదా, పనిచేసే ఆడపిల్లలు ఇద్దరు అక్కడే ఉంటారు. నేను మూడోదాన్ని."

"గదేంటే? నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే బావతో చెప్తావు. బట్టల సంచి పొద్దున్నే ఆ అమ్మాయి ఇంట్లో పెట్టొచ్చాను. ఈ బండి వస్తేనే ఆ ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే ఆ గది. బండి రాకపోతే మళ్లీ మీ ఇల్లే, మళ్లీ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకోవడమే. ఇప్పుడర్థమైందా, నువ్వు ఆ ఏనుగుని చూపించి ఇదే కొను, ఇదే కొను అంటుంటే నా ప్రాణం ఎలా కొట్టుకుందో?"

"తలుపుకి కుర్చీ... ఎప్పట్నించే?"

"నీకెందుకక్కా ఇప్పుడు?"

"అయిపోయింది పాపా, అరగంట కూడా పట్టలేదు. చట్రం ఊపి చూడు. గట్టిగా ఊపు. ఆ. ఇదిగో హెల్మెట్, ఇక్కడ సంతకం పెట్టు. కాగితాల మీద పేరు నీదొక్కదానిదే. ఇక ఎవడొచ్చి అడిగినా బండి నీది."

"దండాలు బాబాయ్."

"నాకెందుకు దండాలు? రోజూ పొద్దున చక్రాల్లో గాలి చూసుకో. చిన్న బండని లారీల మధ్య దూరకు. పడితే సిగ్గుపడకు, వీపు పెట్టి లేపు. వెళ్లిరా. నేను లోపలికెళ్లి ఆ పాత సీటు కాల్చి పారేస్తాను."

"వస్తానక్కా. నువ్వు ఆటోలో వెళ్లు."

"ఆగవే. ఇంజను ఆపు."

"ఆపను. చెప్పు."

"ఒక్క నిమిషం ఆపవే, నీతో..."

"నాకు ఒక్కటే చెప్పు. బావ చిన్న బండి అంటే నువ్వు అబద్ధమాడి మరీ పెద్దదెందుకు కొనిపించాలనుకున్నావు?"

"నువ్వు దాన్ని లేపలేవని."

"ఏంటీ? వినబడ్లేదు."

"లేపలేవని! లేపలేక విసుగొచ్చి బండే వద్దంటావని. నువ్వు బండి జోలికి పోకపోతే ఆయనకి నీ వెనక ఎక్కే పని ఉండదని. అంతేనే చిట్టీ. ఇల్లు చెదరకుండా, నీకేం కాకుండా, నాకు తోచింది అదొక్కటే."

"ఆయన వెనక ఎక్కితే ఏమవుతుందో నీకెలా తెలుసు? నేనిప్పుడేగా చెప్పాను?"

"ఆ రోజు... నేను..."

"పెద్దగా చెప్పక్కా, ఇంజను చప్పుడులో వినబడ్లేదు."

"ఆ రోజు నేను మేడ మీద బట్టలారేస్తున్నానే! మూడు రోజులూ! నువ్వు పడకముందే చూశాను!"